అమ్మమ్మకు లేదు, అత్తగారికి ఉంది

విదేశాల్లో ఉన్న మా కంపెనీవాళ్ళకు ఏ సౌకర్యాలు దక్కుతాయో చూడటమే షోళింగనల్లూరులో నా ఉద్యోగం. జర్మనీలో సంపాదన లేని భార్యకు భర్త ఆరోగ్య బీమాలోనే చోటుంటుంది. జపాన్‌లో నలభై దాటినవాళ్ళు ముసలితనపు సేవల కోసం చందా కడతారు. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా పప్పులు ఉడకనిది మా అమ్మమ్మ దగ్గరే.

నేను మా మేనమామనే చేసుకున్నాను. అంటే మా అమ్మమ్మే నాకు అత్తగారు. మేముండే చింతాద్రిపేటలో ఇది ఎవరికీ వింత కాదు. మా కంపెనీ బీమా మాత్రం అత్తగారికి వర్తిస్తుంది, అమ్మమ్మకు వర్తించదు. అమ్మానాన్నలనో అత్తమామలనో, ఒక జతనే ఎంచుకోవాలి. తోటి ఉద్యోగినుల ఇళ్ళలో ఏటా దీనిమీద యుద్ధాలే. మా ఇంట్లో "మా అమ్మనే పెట్టవే" అని మా అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

అమ్మమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి శుక్లం ముదిరింది. ఇంకా ఆలస్యమైతే కష్టమన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కు వెళ్తూ ఆటోలో దారి పొడుగునా నూరిపోశాను, ఎవరడిగినా నన్ను కోడలని చెప్పమని.

"సరి సరి, నాకు తెలీదా!" అంది.

ఆసుపత్రిలో బీమా బల్ల దగ్గరున్న తమిళమ్మాయి నన్ను చూపించి ఈమె మీకేమవుతుందని అడిగిందో లేదో, మా మహాతల్లి "నా మనవరాలు! నేనే పెంచినా!" అనేసింది. ఆ అమ్మాయి అదే టకటకా కొట్టి పంపేసింది. కాసేపటికే ఉత్తరాదినుంచి బీమావాళ్ళ ఫోను.

"మేడం, ఆమె మీ అత్తగారా, అమ్మమ్మా?"

"రెండూనండీ."

"రెండూ కుదరవు. మీ భర్త ఆమెకేమవుతారు?"

"కొడుకు."

"మరి మీ అమ్మగారు?"

"కూతురు."

బల్ల దగ్గరమ్మాయి కిసుక్కున నవ్వింది, వాళ్ళ ఇళ్ళలోనూ ఉన్నదే కదా. నాకు పైకి నవ్వు, లోపల ఆపరేషన్ ఆగిపోతుందేమోనని ఒకటే దడ. చివరికి ఆయన, పేషెంటు తన నోటితో చెబితే ఒప్పుకుంటానన్నాడు. అనువాదానికి ఆ అమ్మాయే సిద్ధపడింది.

అమ్మమ్మ ఫోను పట్టుకుని నా వైపు తిరిగింది. మోచేత్తో పొడిచాను.

"నా కోడలు," అంది, దొంగసాక్ష్యం చెబుతున్నట్టు.

ఫోను నా చేతిలో పెట్టి భోరుమంది. "పెండ్లయినాక గూడా ఒక్కనాడన్నా నిన్ను ఆ మాట అనింది లేదే! ఈ పాడు కంటికోసం ఈడికి తెచ్చి అనిపించినారు గదే!"

ఊరుకోమని చెప్పబోయి నేనూ ఏడ్చేశాను.

మర్నాడు కట్టు విప్పారు. అమ్మమ్మ రెప్పలల్లార్చి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం కోడలా, ఇట్ట చిక్కిపోయినావే? మీ అత్త నీకు కూడు పెట్టడంలేదా?"