రాళ్ళకు నిమ్మకాయ పిండిన సారు

ఏసుదాసు సారుకు రాయి కనబడితే చాలు, దాని మీద నిమ్మకాయ పిండకుండా కాలు ముందుకు పడేది కాదు. మనిషికి మనిషి ఎదురైతే నమస్కారం పెడతాడు. ఆయన రాయి ఎదురైతే నిమ్మకాయ పిండేవాడు. మనిషి ఎదురైతే మాత్రం చాలాసార్లు చూసుకోకుండా గుద్దుకునేవాడు.

పెనుకొండలో పిల్లలకు సైన్సు చెప్పే సారు ఆయన. నేను స్టేషను దారిలో తమలపాకులు, వక్కలు, సున్నం అమ్మేదాన్ని. బడిలో నేను చదివింది రెండో తరగతి. మిగతా చదువంతా అంగడిలో నాలుకతోనే నేర్చుకున్నాను, ఎవరికీ తీసిపోను. నా అంగడికి ఎదురుగానే నాగప్ప సున్నపు బట్టీ. అందుకే సారు నాగప్ప మీద గెలిచిన మొదటి పోట్లాట కూర్చున్న చోటి నుంచి కదలకుండా చూశాను. అది పంతొమ్మిది వందల యాభై ఆరో, యాభై ఏడో అయ్యుంటుంది.

తాడిపత్రి వైపు నుంచి లారీలో సున్నపురాయి దిగింది. నాగప్ప గట్టు మీద కూర్చుని ఉడికిన గుడ్డు ఒలుచుకుంటున్నాడు. సారు వచ్చి, జేబులోంచి నిమ్మచెక్క తీసి, ఒక్కో రాయి మీద చుక్క వేసి, చెవి దగ్గరపెట్టి వినడం మొదలుపెట్టాడు.

"ఏం సారూ, రాళ్ళు ఏం చెప్తాండాయి?" అన్నాడు నాగప్ప.

"ఇవి బుసమని పలికినాయి నాగప్పా. ఇది పలకలేదు. ఇదీ పలకలేదు. పలకనివి బట్టీలో ఎయ్యొద్దు, పక్కన పెట్టు."

"నా దుడ్లు పోసి తెచ్చుకున్న రాయిని పక్కన పెట్టమనేదానికి నువ్వెవరప్పా? రాయికేం, గుండ్రాయి లెక్కుండాది. నీ నిమ్మకాయే చచ్చింది."

సారు వంగి, నాగప్ప కాళ్ళ దగ్గర పడిన గుడ్డు పెంకు ఒకటి ఏరుకుని దాని మీద చుక్క వేశాడు. పెంకు మీద సన్నసన్న బుడగలు లేచాయి. లారీ దించుతున్న కూలీలంతా గంపలు కింద పెట్టి గుమిగూడారు.

"చూసినారా? నిమ్మకాయ బతికే ఉండాది. నీ గుడ్డు పెంకులో ఉండే సున్నం నీ రాయిలో లేదు నాగప్పా. రేపట్నుంచి లారీ ఎందుకు, నాలుగు కోళ్ళను పెట్టుకో."

కూలీలు విరగబడి నవ్వారు. నాగప్పకు గుడ్డు గొంతుకు అడ్డం పడింది. వాడు చెంబు వెతుక్కుని నీళ్ళు తాగి తేరుకునేలోపల సారు పలకని రాళ్ళన్నిటినీ పక్కకు దొర్లించేశాడు. అప్పటి నుంచి ప్రతి శనివారం ఒంటిపూట బడి కాగానే సారు బట్టీకి రావడం, నాగప్ప అరవడం, సారు రాళ్ళు దొర్లించడం. మాకు అదొక సినిమా.

బట్టీ అంటే నవ్వులాటే కాదు. కాలిన రాయిని గుంతలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి సున్నమవుతుంది. పొంగు చల్లారాక ఆడవాళ్ళు గుంతలోకి దిగి పారలతో కలపాలి. చల్లారిందనుకున్న గుంత ఒక్కోసారి అడుగు నుంచి చింది మొహాన కొట్టేది. బట్టీలో పనిచేసే యల్లక్కకు ఒక కన్ను అట్లే పోయింది, సారు ఊరికి రాకముందు. ఆ గుంతలోకి దిగే ప్రతి ఆడదీ రెండు కళ్ళతో దిగి, ఎన్నింటితో పైకి వస్తానో అనుకుంటూ దిగేది.

సారుకు మొదట నిమ్మకాయ కాదు, బడిలో ఆసిడ్ సీసానే ఉండేదట. పెద్ద సారు ఇంటి ముందు కొత్తగా పరిపించిన బండల మీద పోసి, "పలికింది, పలికింది" అని కేకలు వేశాడట. పలికిన చోటల్లా బండకు మచ్చలు పడ్డాయి. పెద్ద సారు ఆ సీసాను బీరువాలో పెట్టి తాళం బొడ్లో దోపుకున్నాడు. అప్పటి నుంచి ఈయన సంతలో నిమ్మకాయల మీద పడ్డాడు.

ఆయన భార్య పాపమ్మ నా అంగడికి వచ్చినప్పుడల్లా ఇదే పాట. "ఊరగాయకు ఒక కాయ మిగలనీడక్కా. పెండ్లిచూపులకు వచ్చినప్పుడు నా మొగం చూడలేదు ఈ మనిషి, మా అరుగు బండ చూసినాడు. అరుగు నచ్చింది, నన్ను చేసుకున్నాడు."

ధర్మవరంలో ఆయన దగ్గర చదివిన పిల్లవాడి పెళ్ళి జరిగింది. మగ్గాల వాళ్ళు, కలిగిన కుటుంబం. ఆకులూ వక్కలూ ఇచ్చింది నేనే కాబట్టి నేనూ పోయాను. కాళ్ళకు నీళ్ళిస్తే సారు కడుక్కోలేదు. గడప ముందు గొంతుక్కూర్చుని బండ మీద నిమ్మకాయ పిండాడు. పెళ్ళికొడుకు అవ్వ చూసింది.

"అయ్యో అయ్యో, పెండ్లింటి గడప మీద నిమ్మకాయ పిండినాడురో! ఎవరో చేతబడి చేపిచ్చినారు!"

సారు తలెత్తి, మొహం వెలిగిపోతుండగా, "అవ్వా, నీ గడప పలికింది!" అన్నాడు.

ఇంకేముంది, మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టారు. నేను అడ్డం పోకపోతే ఆ పూట సారు కూడా పలికేవాడు.

"ఏమబ్బా, చేతబడి చేసేవాడు పట్టపగలు, చొక్కా గుండీలు తప్పు బొక్కల్లో పెట్టుకుని వస్తాడా? ఈయన బడిసారు. మనుషులకు కీడు చెయ్యాలంటే ముందు మనుషుల్ని చూడాల కదా. ఈయన రాళ్ళు తప్ప చూడడు!"

అవ్వ నమ్మలేదు. "అట్లయితే మిగిలిన చెక్క నువ్వే పిండుకుని తాగు" అంది సారుతో. సారు ఉప్పు అడిగి మరీ తాగాడు.

మధ్యాహ్నం అంగడి ఖాళీగా ఉంటే నాకూ పాఠం చెప్పేవాడు.

"ఈ బట్టీ రాయి సముద్రంలో గడ్డకట్టింది కుళ్ళాయమ్మా."

"తాగను నీళ్ళు లేక చస్తాంటే మన తట్టు సముద్రం యాడిది సారూ?"

"వచ్చి పోయింది. తాడిపత్రి, కడప తట్టంతా సముద్రమే. అప్పటికి చేప లేదు, నత్త లేదు, వట్టి పాచి. నీళ్ళలో కరిగిన సున్నం ఆ పాచి మీద పేరుకునేది. దాని మీద సన్నగా ఒండ్రు, మళ్ళీ పాచి, మళ్ళీ సున్నం. చూడు, ఉల్లిగడ్డ కోసినట్టు లేదా?"

ఉంది. అబద్ధమెందుకు, అచ్చం ఉల్లిగడ్డే.

"సోడా తాగితే ముక్కులోకి వస్తుందే, ఆ గాలే ఈ రాయిలో ఇరుక్కుని ఉంటుంది. పులుపు తగిలితే బయటికొస్తాది, బట్టీలో మంటకూ బయటికి పోతాది. గోడకు కొట్టినాక సున్నం గాలిలోంచి దాన్ని మళ్ళీ పీల్చుకుని రాయి అవుతాది. నువ్వు ఇంటికి పూసుకున్నది సముద్రమేనమ్మా."

"అందుకేనేమో, వానొస్తే ఇల్లంతా కారుతాండాది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు.

"ఇంతకీ సముద్రం ఎట్లుంటాది సారూ?" అని ఒకసారి అడిగాను.

"నేను చూడలేదు. మద్రాసుకు పరీక్షకు పోయినప్పుడు ఒక పూట చిక్కింది. బయలుదేరినా. స్టేషను బయట మెట్లకు మంచి పొరల రాయి వేసినారు. దాన్ని చూస్తా కూర్చున్నా, రైలు వేళయింది."

అప్పుడు నవ్వాను. ఇప్పుడు మాత్రం ఆ మెట్లు తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. సముద్రం ఎక్కడికీ పోదని ఆయన ధీమా. మనిషి పోతాడు కదా.

అరవై మూడులో సారును ఎక్కడో దూరాన ఉండే అగళి బడికి బదిలీ వేశారు. ఎవరు ఎవరికి చెప్పారో నాకు తెలియదు గానీ, ఆ వారమంతా నాగప్ప పూటకు రెండు గుడ్లు తిన్నాడు. సారు బయలుదేరే ముందు సాయంత్రం యల్లక్క వచ్చి నా అంగడి ముందు కూలబడింది.

"సారు పోతే మా కండ్లకు ఎవరు దిక్కు అక్కా?"

"ఆయన రాళ్ళల్లో సముద్రం చూసుకోను వస్తాడు. నీ కంటికీ ఆయనకూ ఏం సంబంధమే?"

"ఆయన వచ్చినప్పట్నుంచి గుంత చిందలేదక్కా. మాలో ఒక్క కన్ను పోలేదు."

అంగడి మూసేసి నేరుగా సారు ఇంటికి పోయాను. పాపమ్మ గిన్నెలు మూట కడుతోంది. సారు రాళ్ళు మూట కడుతున్నాడు. గిన్నెల మూట చిన్నది. యల్లక్క మాట చెప్పి, "నిజమేనా సారూ?" అన్నాను.

ఆయన దొంగతనం బయటపడినవాడిలా తల గోక్కున్నాడు.

"పలకని రాయి రెండు రకాలు కుళ్ళాయమ్మా. వట్టి మట్టి పొర కాలినా ఏమీ చెయ్యదు, దండగ అంతే. ఇంకొకటి ఉండాది, దాంట్లో సున్నంతో పాటు మెగ్నీషియా అని ఇంకో దినుసు కలిసి ఉంటాది. అది సోమరిది. నిమ్మకాయకు తొందరగా పలకదు, కాల్చినాక నీళ్ళకూ తొందరగా పొంగదు. పైన చల్లారినట్టే ఉంటాది. ఆడోళ్ళు దిగినాక అడుగున అప్పుడు ఉడుకెత్తుతాది."

"ఆ మాట నాగప్ప మొగానే చెప్పొచ్చు కదా, ఇన్నేండ్లు ఆ పిచ్చి వేషమెందుకు?"

"కూలోళ్ళ కండ్లు అంటే వాడు నన్ను గేటు దాటనిస్తాడా? సముద్రం, పాచి అంటే పిచ్చోడని నవ్వుతాడు. నవ్వుతా రానిస్తాడు. సముద్రం మాట అబద్ధం కాదులే, అదీ నిజమే."

అగళికి పోయినవాడు మళ్ళీ పెనుకొండకు రాలేదు. కొన్నేళ్ళకు అక్కడే పోయాడని పాపమ్మ కబురు పెట్టింది. సముద్రం చూడకుండానే పోయాడు. ఊరు ఆయన్ని గుర్తుపెట్టుకుంటే ధర్మవరం గడప కథతో గుర్తుపెట్టుకుంది. గుంతలో చిందని సున్నాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? జరగని దానికి కథ ఉండదు.

నేను ఇంటికి పోయి అడిగిన ఆ సాయంత్రం, రాళ్ళ మూట ముడి బిగించి, సారు నా వైపు తిరిగాడు. ఆ మూట నా నెత్తిన పెడతాడని భయపడ్డాను.

"నీతో ఒక పని ఉండాది కుళ్ళాయమ్మా."

"రాళ్ళ సంగతి నాకు తెలీదు సారూ, ముందే చెప్తాండా."

"రాళ్ళు ఏరేది యల్లక్కకు నేర్పించినా. రెండు కండ్లున్నోళ్ళ కంటే బాగా ఏరుతాది. కానీ నాగప్ప చూస్తాంటే ఆ యమ్మ చెయ్యి లేవదు. శనివారం శనివారం నువ్వు పోయి వానితో పోట్లాట పెట్టుకోవాల."

"దేని గురించి?"

"దేని గురించైనా సరే. నీకు చెప్పాల్నా? వాని మొగం నీ తట్టు తిరిగి ఉండాల, అంతే. యల్లక్క రాళ్ళు ఏరుకునేదాకా నోరు ఆపొద్దు."