మేనమామ ఫోటో సైజు

అది 2024. మామిడి సీజను అయిపోయి కృష్ణగిరి మండీల్లో గడ్డి మాత్రమే మిగిలిన రోజులు. బడిపిల్లల కోసం జాతీయ స్థాయిలో జరిగే ఒక డిజిటల్ చిత్రకళ పోటీకి మా జిల్లా ఎంపిక కృష్ణగిరిలోని ఒక బడి కంప్యూటర్ గదిలో జరిగింది. బొమ్మలకు మార్కులు వేయడానికి రిటైరైన డ్రాయింగు మాస్టారు గోపాల్ గారిని పిలిచారు. ఆ బొమ్మల్ని నిజంగా పిల్లలే వేశారా, వేరే ఎవరైనా వేసిచ్చారా అని తేల్చడానికి నన్ను పిలిచారు.

నన్నే ఎందుకు పిలిచారో హోసూరులో ఎవరినడిగినా చెబుతారు. బస్టాండు దగ్గర నాకు ఫ్లెక్స్ అంగడి ఉంది. పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు, చెవులు కుట్టించే వేడుకలకు బ్యానర్లు డిజైన్ చేసి ప్రింటు వేసిస్తాం. వాట్సాప్‌లో పది చేతులు మారిన మసక ఫోటో పంపి "ఒరిజినలే అక్కా" అనేవాళ్ళు, పక్క అంగడి డిజైన్‌ను ఫోనులో పట్టుకొచ్చి "మా వాడే గీసినాడు" అనేవాళ్ళు, వీళ్ళ మధ్యే నా వయసంతా గడిచింది. నా చెవిలో పువ్వు పెట్టాలని చూడని గిరాకీ లేదు. అందుకే వెనకాల నన్ను 'అనుమానాలక్క' అంటారు. అననీ. అనుమానం లేని డిజైనరు తప్పు పేరుతో పెళ్ళి బ్యానర్ వేసి, ముహూర్తం రోజున తిట్లు తింటాడు.

నా పని ఏమిటో కాస్త చెప్పాలి. డిజిటల్ బొమ్మను ఒకే కాగితం మీద వేసినట్టు వేయరు. ఆకాశం ఒక పొర, చెట్లు ఒక పొర, మనుషులు ఒక పొర. ఈ పొరల్ని లేయర్లు అంటాం. నిజంగా కూర్చుని గీసినవాళ్ళ ఫైలు తెరిస్తే వంటిల్లులా ఉంటుంది, సగంలో వదిలేసిన లేయర్లు, దాచిపెట్టిన లేయర్లు, అన్నీ చిందరవందర. ఏఐకి చెప్పి చేయించుకున్న బొమ్మ ఒకే పొరగా, తుడిచిపెట్టినంత శుభ్రంగా ఉంటుంది. అలాంటివి మధ్యాహ్నంలోపే చాలా ఏరి పక్కన పెట్టాను. అవి తేలిక.

కష్టం వచ్చింది బేరిగై నుంచి. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదివే యామిని అనే అమ్మాయి పంపిన బొమ్మ, మామిడి మండీ. ముందు గడ్డి మీద కాయల్ని వేరు చేస్తున్న ఆడవాళ్ళు, కాస్త వెనక బుట్టలు మోస్తున్న మగవాళ్ళు, ఎక్కడో దూరంగా గేటు దగ్గర నిచ్చెన ఎక్కి బ్యానర్ కడుతున్న మనిషి. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఈ పాపను పంపించాల్సిందేనమ్మా. ఆ కాయల పసుపు చూడు, వాసన వస్తా ఉండాది" అన్నారు.

"సార్, ఇది పిల్ల చేయి కాదు" అన్నాను.

"ఎందుకు? లేయర్లు లేవా?"

"బోలెడు ఉండాయి. ఇది ఎవురో గీసిందే. ఆ గీసినోళ్ళు ఎవురనేదే నా అనుమానం."

ఆయనకు ఒక్కొక్కటే చూపించాను. ఫోనులోనో తెర మీదో చూసే బొమ్మకు ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతి వాడతారు. ఇంకుతో అచ్చు వేయాల్సిన బొమ్మకు సీఎంవైకే వాడతారు. తెర మీద చూపించే పోటీకి ఈ ఫైలు సీఎంవైకేలో ఉంది. అచ్చుపని చేసేవాళ్ళకు తప్ప ఆ అలవాటు ఉండదు. రెండోది, బొమ్మకు నాలుగు వైపులా ఒక పట్టీ ఖాళీగా వదిలి ఉంది. ఫ్లెక్స్ అంచును మడిచి, రింగులు కొట్టి, తాడు కట్టడానికి మేం వదిలే జాగా అది. కంప్యూటర్లో ఉండే బొమ్మను ఏ గుంజకు కడతారు?

మూడోది అన్నిటికంటే పెద్దది. దూరంగా నిచ్చెన మీదున్న మనిషి, ముందు కూర్చున్న ఆడవాళ్ళకంటే పెద్దగా ఉన్నాడు.

"అది దూరం దగ్గర తెలీక చేసిన తప్పమ్మా. పిల్లలు చేసేదే" అన్నారు మాస్టారు.

"పిల్లలు చేసే తప్పు కాదు సార్, ఇది ఫ్లెక్సోళ్ళు చేసే తప్పు."

మా వైపు చెవులు కుట్టినా, ఆడపిల్ల పెద్దమనిషైనా మేనమామదే పెద్దరికం. సారె పళ్ళేలు ఆయన తేవాలి, పిల్లను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. బ్యానర్లోనూ అంతే. ఎంతమంది ముందు నిలబడినా, మేనమామ ఎంత వెనక ఉన్నా, ఆయన ఫోటో పెద్దదిగా ఉండాలి. అది చిన్నదైందని విస్తరి ముందునుంచి లేచిపోయిన మేనమామలను నేనెరుగుదును. తన ఫోటో పక్కింటాయన ఫోటో కంటే వేలెడు తగ్గిందని నా అంగడికొచ్చి మేజా గుద్దినవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఏళ్ళ తరబడి బ్యానర్లు చేసిన చేయి, ముఖ్యమైన మనిషిని దూరంలో పెట్టినా తనకు తెలియకుండానే పెద్దగా చేస్తుంది.

పైగా ఆ నిచ్చెన మీది మనిషి చెవి మీద పెన్సిలుంది. ఎప్పుడూ అలా పెన్సిలు పెట్టుకునే మనిషి నాకు తెలుసు. బేరిగైలో ఫ్లెక్స్ అంగడి పెట్టిన మునిరత్నం. పని నా దగ్గరే నేర్చుకున్నాడు. పోయేటప్పుడు నా డిజైన్లు కూడా పెన్‌డ్రైవులో వేసుకుని పోయాడని నా అనుమానం, రుజువు లేదు. ఈ మధ్య అతని బ్యానర్లు ఎంత బాగుంటున్నాయంటే, నాకొచ్చే పెళ్ళిళ్ళ గిరాకీ మెల్లగా అటు జారిపోయింది. నాకు కడుపుమంట లేదని అబద్ధం చెప్పను. ఆ పిల్ల ఎవరని బడికి ఫోన్ చేస్తే అతని అక్క కూతురన్నారు. దొంగ దొరికాడనుకున్నాను.

పోటీ నిబంధన గట్టిది. అనుమానం వస్తే పిల్లను పిలిచి మా ఎదుట గీయించాలి. బొమ్మ వేరేవాళ్ళదని తేలితే ఆ పిల్లను తీసేయడమే కాదు, ఆ బడి నుంచి మళ్ళీ ఎవరి బొమ్మా తీసుకోరు. "తొందరపడొద్దమ్మా, ఒక బడి పిల్లలందరి మాట ఇది" అన్నారు మాస్టారు. పిలిపించండి, చూద్దాం అన్నాను.

ఆ వారమే మేనమామా మేనకోడలూ బస్సు దిగి వచ్చారు. యామిని సన్నగా, యూనిఫారంలో ఉంది. రత్నం కుడి చేయి ప్యాంటు జేబులోనే పెట్టుకుని, ఎడమ చేయి ఒక్కటి పైకెత్తి "బాగుండావా అక్కా" అన్నాడు. బడివాళ్ళిచ్చిన ఉత్తరం కూడా ఎడమ చేత్తోనే అందించాడు. నాకు ఒళ్ళు మండింది. పని నేర్పిన మనిషికి ఎడమ చేత్తో ఇస్తాడా?

"నేను బాగానే ఉండాను. బొమ్మ ఎవురు గీసినారప్పా?" అన్నాను.

"పాపే అక్కా."

"నేనడిగేది పాపని." అమ్మాయి వైపు తిరిగాను. "నువ్వు చెప్పమ్మా."

ఆ పిల్ల ముందు మామ ముఖం చూసింది. తర్వాత "నేనే మేడమ్" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రత్నం అటూ ఇటూ కదిలాడు. అతన్ని వరండాలో కూర్చోమని తలుపు దగ్గరగా వేశాను.

"నాలుగు పక్కలా జాగా ఎందుకు వదిలినావు?"

"వదలకపోతే తాడు యాడ కడతారు మేడమ్?" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

"సీఎంవైకేలో ఎందుకు పెట్టినావు?"

"మామ అంగట్లో సిస్టమ్ తెరిస్తే అట్లే వస్తాది. వేరేది ఉంటాదని తెలీదు."

"ఓహో, మామ అంగట్లో గీసినావా! ఆ అంగట్లో బ్యానర్లు ఎవురు చేస్తారు?"

అంతవరకూ చకచకా చెప్పిన పిల్ల ఆగిపోయింది. తలుపు వైపు చూసి, తల దించుకుని "మామే" అంది.

"అయితే ఈ బొమ్మ కూడా మామే చేసినాడు. అంతేనా?"

"లేదు మేడమ్. ఇది నేనే."

"బ్యానర్లేమో మామ, బొమ్మేమో నువ్వు. రెండింట్లో చేయి మాత్రం ఒకటే. ఎట్లమ్మా?"

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మళ్ళీ తలుపు వైపే చూసింది. మాస్టారు నా వైపు 'చాలు' అన్నట్టు చూశారు. నాకేమో పట్టు చిక్కినట్టే ఉంది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి "మీ మామ అంగడి గీయి" అన్నాను.

కూర్చున్నాక ఆ పిల్ల వేరే మనిషైపోయింది. తక్కిన పిల్లలు గీయడానికి డిజిటల్ పెన్ను కావాలంటారు, ఈమె మామూలు మౌసుతోనే మొదలుపెట్టింది. ఎడమ చేయి కీబోర్డు మీద తనంతట తానే కదులుతోంది. అది ఒక పోటీ కోసం నేర్చుకుంటే వచ్చే వేగం కాదు, రోజూ గిరాకీని వెనక నిలబెట్టుకుని పని చేస్తే వచ్చేది. షట్టరు వచ్చింది, చుట్టలు చుట్టిన ఫ్లెక్స్ వచ్చింది, కంప్యూటర్ ముందు జడ వేసుకున్న ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్ల వెనక ఒక మనిషి. వెనకున్నాడు కాబట్టి చిన్నగా ఉండాలి. మళ్ళీ పెద్దగానే గీస్తోంది.

నాకు అనుమానం పోలేదు, ఎటు పోవాలో తెలియక నిలబడింది. రత్నాన్ని లోపలికి పిలిచాను.

"రత్నం, నువ్వూ ఒక గీత గీసి చూపించప్పా. ఇద్దరి చేయీ పక్కపక్కన చూస్తాను."

"వద్దు మేడమ్" అంటూ యామిని కుర్చీలోంచి లేచింది. "నన్ను తీసేయండి. మామను అడగొద్దు."

రత్నం జేబులోంచి కుడి చేయి బయటికి తీసి మౌసు మీద పెట్టాడు. వేళ్ళు దాన్ని పట్టుకోలేదు. రెండు వేళ్ళు వంగలేదు, మణికట్టు పక్కకు తిరిగి ఉంది.

"బాగలూరు రోడ్లో బండి మీంద నుంచి పడినానక్కా. ఎముక అతికింది, వేళ్ళు రాలేదు. అప్పుటినుంచీ బ్యానర్లన్నీ పాపే చేస్తాది, బడి ఇడిసినంక వచ్చి. ఆడపిల్ల చేస్తాదంటే ఊర్లో పెద్దోళ్ళు పనిస్తారా? నా చేయి పోయిందంటే అంగడే పోయిందంటారు. ఎవురికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నాను."

నా గిరాకీని లాక్కుపోయింది ఈ యూనిఫారం పిల్లన్నమాట! మామ పనిని మేనకోడలు తనదని చెప్పుకుంటోందని నేననుకున్నాను. మేనకోడలి పనిని మామ తనదని చెప్పుకుంటున్నాడు. ఆ మాట దాచడానికి, పోటీ పోతే పోనీ అని ఆ పిల్ల నోరు కుట్టుకుని కూర్చుంది. మండీ బొమ్మలో అతను రెండు చేతులతోనూ తాడు బిగిస్తున్నాడన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది.

రత్నం తెర వైపు వంగి, ఆమె గీస్తున్న బొమ్మ చూశాడు.

"నన్ను తగ్గించమ్మా" అన్నాడు.

"మామా, అట్ల కాదు..."

"వెనకాల నిలబడినోడు చిన్నగానే కనపడల్ల. సిస్టమ్ ముందర కూర్చునేది నువ్వు గదా. తగ్గించు."

ఇన్నేళ్ళ పనిలో ఫోటో పెంచమని నా మీద అరిచిన మేనమామలను లెక్కలేనంతమందిని చూశాను. తగ్గించమన్న మేనమామను ఆ ఒక్కరోజే చూశాను. యామిని ముక్కు తుడుచుకుని, ఆ మనిషిని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చింది. "ఇప్పుడు సరిపోయింది పాపా" అని మాస్టారు మెల్లగా అన్నారు.

మండీ బొమ్మను మార్చడానికి నిబంధన ఒప్పుకోదు. అది పెద్ద మేనమామతోనే జాతీయ స్థాయికి వెళ్ళింది. బహుమతి రాలేదు గానీ ప్రదర్శనకు పెట్టిన వాటిలో ఉంది. బడికి ఏ మచ్చా రాలేదు.

ఈ కేసు తర్వాత నేను అనుమానించడం మానేశానని అనుకోకండి. ఆనవాళ్ళు నేను సరిగానే చదివాను. అది ఫ్లెక్స్ చేయి అన్నాను, ఫ్లెక్స్ చెయ్యే. ఎవరి పని ఎవరి పేరు మీద నడుస్తోందన్న దగ్గరే నా లెక్క తిరగబడింది. పెద్దవాళ్ళు చేసిచ్చింది పిల్లలు తమదంటారని మనకు వెంటనే తోస్తుంది, పిల్లలు చేసింది పెద్దవాళ్ళ పేరు మీద పోతుందని తోచదు. అందుకని ఇప్పుడు ఏ అనుమానం వచ్చినా ఒకసారి తిరగేసి కూడా చూస్తాను.

మొన్న హోసూరు బస్టాండు దగ్గర చెవులు కుట్టే బ్యానర్ ఒకటి కనిపించింది. మేనమామ ఫోటో యథాప్రకారం పెద్దదే. కింద మూలలో, ప్రింటు వేసిన అంగడి పేరుండే చోట, 'డిజైన్: యామిని' అని ఉంది, రత్నం అంగడి పేరుకంటే పెద్ద అక్షరాల్లో. నా బుద్ధి ఊరుకుంటుందా? ఈ పిల్లకు అప్పుడే తలకెక్కిందేమోనని రత్నానికి ఫోన్ చేసి, ఆ పేరు ఎవరు పెట్టారని అడిగాను.

"పాపకు తెలీదక్కా" అన్నాడు. "ఆయమ్మ ఫైలు ముగించి ఇంటికి పోయినంక నేను తెరిచి పెట్టినాను. మౌసు ఎడమ చేతికి ఇప్పుడిప్పుడే అలవాటు అయితా ఉండాది."