ఫ్యాను రొద, నాన్నగారి పలకరింపు

ఇంజనీరింగ్ ఆఖరి ఏడు నా ప్రాజెక్టు ఒకటే: మనిషి తెలుగులో అంకె చెబితే కంప్యూటరు ఆ అంకె వేసి చూపించాలి. నా గొంతుకి ఠక్కున వేసేది. పరీక్షకొచ్చే ఎగ్జామినరు గారి గొంతుకి వెయ్యకపోతే మాత్రం ఏడాది గోవిందా! అందుకని మా భీమవరం ఇంట్లో మైకు ముందు మొదట నాన్నగారిని కూర్చోబెట్టాను.

ఆయన హైస్కూలు మేష్టారు. మైకుకేసి చూసి, "బాగున్నారాండీ? మొదలెట్టమంటారా?" అని అడిగి, అప్పుడు "ఏడు" అన్నారు. కంప్యూటరు కిక్కురుమనలేదు.

తప్పు నా ప్రోగ్రాముది. మైకు ఆన్ కాగానే మొదటి అర సెకనులో వినబడేది ఫ్యాను రొద అనుకుని, ఆ తర్వాత అలాంటి చప్పుడు ఎక్కడున్నా చెరిపేసేది. ఆ అర సెకనూ మనిషి మాట్లాడకూడదు. మా వైపు జనం పలకరించకుండా పని మొదలెడతారా! పక్కింటి పిన్నిగారూ అంతే, పాలాయనా అంతే. వాళ్ల గొంతే ఫ్యాను రొద అనుకుని, అంకెతో సహా తుడిచిపెట్టేది.

కాస్త ఆగి చెప్పమని ఎన్నిసార్లు చెప్పినా, పదోసారి కూడా నాన్నగారు "బాగున్నారాండీ?" అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"అది డబ్బా, నాన్నగారూ! దాన్ని కుశలమడగడమేంటి? ఒక్క క్షణం నోరు మూసుకోండి!"

ఛీ, కన్నతండ్రినా అనడం! ఆయన లేచి అరుగు మీదకెళ్లిపోయారు. రెండు రోజులు నాతో మాటల్లేవు.

క్షమించమని అడిగే మొహం లేక, పాడైన రికార్డింగులే వింటూ కూర్చున్నాను. ఆ పదింటిలోనూ పాపం ఆయన పలకరిస్తున్నారు, బదులు చెప్పే దిక్కు లేదు. అప్పుడు వెలిగింది. ముందు కంప్యూటరే పలకరిస్తే? ఆయన "బాగున్నారాండీ?"నే కత్తిరించి స్పీకర్లో పెట్టాను. మనిషి జవాబిచ్చి ఆగాక వచ్చే అర సెకనునే ఫ్యాను రొదగా తీసుకోమన్నాను.

పరీక్ష రోజు ఎగ్జామినరు గారు కూర్చోగానే స్పీకరు పలకరించింది. ఆయన సర్దుకుని, "ఆఁ, బాగున్నామండి. మీరెలా ఉన్నారు?" అని జవాబు కోసం ఆగారు. నాక్కావలసింది అదే! ఎంతకీ జవాబు రాకపోయేసరికి నవ్వేసి, "ఏడు" అన్నారు. తెర మీద ఏడు పడింది.

ఇంటికి పరిగెత్తి నాన్నగారికి అంతా చెప్పి, క్షమించమన్నాను. పాసైన సంగతి ఆయన చెవికెక్కినట్టే లేదు.

"మీరెలా ఉన్నారని ఆయన అడిగితే, బదులే చెప్పలేదా?"

"లేదండి."

"ఎంత తప్పురా! ఏదీ, పెట్టు ఆ మైకు."

చొక్కా వేసుకొచ్చి కూర్చున్నారు. మైకు ఆన్ చేశాను. నాకేసి చూస్తూ, ఒక్క క్షణం నోరు మూసుకుని ఆగారు. అప్పుడు, "మేమూ కులాసాయేనండి" అన్నారు.