పై బోల్టు

1977 జూన్ 6, సోమవారం. మధ్యాహ్నం రెండింటికి తాండూరులో రైలు దిగాను. ఒక ట్రంకు, ఒక పరుపుచుట్ట. పన్నెండేళ్లు ఆర్మీలో నర్సుగా చేశాక, రాతి గనుల యజమానులు నడిపే దవాఖానలో ఉద్యోగం. నాలుగు మంచాలు. డాక్టరు వారానికి రెండు రోజులు వస్తాడు. ఆపరేషన్ అవసరమైతే వికారాబాద్, నలభై కిలోమీటర్ల పైన. దానికి టార్పాలిన్ కప్పిన పాత చిన్న ట్రక్కు ఒకటే ఆధారం.

డ్రైవరు కూడా ఫౌజీయే. రిటైరైన హవల్దార్. బండి పనులన్నీ దవాఖాన వెనక తన ఇంటి ముందే చేసుకునేవాడు.

1979 ఏప్రిల్ 17, మంగళవారం. పొద్దున వికారాబాద్ పోయి వచ్చాడు. వెనక ఇరుసు మధ్య పళ్లచక్రాలుండే ఇనుప పెట్టెలో ఆయిల్ మార్చే రోజు. వేడిగా ఉండగానే దించాలని కింది బోల్టు విప్పాడు. నల్లటి నూనె బేసినులోకి దిగింది.

"కొత్తది ఎంత పడుతుంది, హవల్దార్?"

"రెండున్నర లీటర్లు. థర్మామీటర్ పెట్టి చూస్తరా మేడం?"

కొత్త ఆయిల్ పోయాల్సింది పై బోల్టు విప్పి. సైన్యంలో పాత నూనె దించేముందు అది ఊడుతుందో లేదో కదిలించి చూసేవారు. ఆ రోజు ఆయన కదిలించలేదు. బండి రోజూ నిలిచేది రాళ్ల పాలిష్ షెడ్డు పక్కన. అక్కడి తెల్లబురద బోల్టు చుట్టూ ఎండి సిమెంటులా పట్టేసింది. పాత నూనె అంతా దిగాక పానా వేస్తే జారింది. బోల్టు మూలలు అరిగిపోయాయి.

పదకొండు ఇరవైకి రాళ్లు మోసే మనిషిని తలుపు చెక్క మీద తెచ్చారు. ఇరవై రెండేళ్ల బాలమ్మ. బండ జారి నడుము, తొడ నలిగాయి. పైకి కారే రక్తం ఆపాను. లోపలిది ఆపడం నా చేతిలో లేదు. గనుల లారీలన్నీ లోడుతో బయట ఉన్నాయి.

"బండి తీయండి" అన్నాను.

"ఆయిల్ లేదు మేడం. అది లేకుంట నడిస్తె పళ్లచక్రాలు పట్టేస్తయి."

ఆమెతో వచ్చిన భర్త చక్రం పక్కనున్న సీలు తీయని డబ్బా చూపించాడు. "గదేంది సాబ్? ఆయిలే గద?"

"పోయనీకి తొవ్వ లేదు, అన్నా."

ఉలి, సుత్తి. పది నిమిషాలు. బోల్టు కదలలేదు.

"ఖాళీగనే పోదాం. ఏడిదాంక పోతె ఆడిదాంక" అన్నాడు హవల్దార్. కింది బోల్టు బిగించి ఎక్కాడు. వెనక బాలమ్మ పక్కన నేను, ఆమె భర్త ఎక్కాం.

ధారూరు దాటాక వెనక సన్నటి కూత మొదలైంది. తర్వాత గరగర. బాలమ్మ నాడి నిమిషానికి నూట నలభై. అనంతగిరి గుట్ట ఎక్కుడులో పెద్ద చప్పుడుతో వెనక చక్రాలు బిగుసుకుపోయాయి.

హవల్దార్ దిగి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. ఏ బండీ రాలేదు. "సిస్టరమ్మా, నోరు ఎండుతున్నది" అంది బాలమ్మ. ఆపరేషన్ చేయాల్సిన మనిషికి నీళ్లు ఇవ్వకూడదు. తడిగుడ్డతో పెదవులు అద్దాను. పన్నెండూ యాభైకి నాడి అందలేదు.

1984 మార్చిలో ఉద్యోగం వదిలి వికారాబాద్‌లో మా ఇంటికి చేరాను. సైన్యంలో ఉన్నప్పుడు యుద్ధంలో ఏం చూశావని అందరూ అడుగుతారు. కాళ్లు లేని కుర్రాళ్లను చూశాను. వాళ్ల ముఖాలు ఇప్పుడు గుర్తు రావు. కళ్ల ముందు నిలిచేది ఆ అనంతగిరి ఎక్కుడే.

బాలమ్మ పోయిన సంగతి ఆమె భర్తకు ఇంకా చెప్పలేదు. అతను బండి కింద దూరి, పొగలు కక్కుతున్న ఆ ఇనుప పెట్టె మీద, ఆమె కోసం తెచ్చిన సీసాలోని నీళ్లన్నీ పోస్తున్నాడు.

"సల్లవడ్డది సాబ్" అంటున్నాడు. "ఇగ తియ్యుండ్రి."