కడిగి పెట్టిన హెలికాప్టర్

ఏలూరు వాణ్ణి, అక్కడి మాట తెలిసినవాణ్ణి అని మా విమాన ప్రమాదాల శాఖ వాళ్ళు ఆ దర్యాప్తు నా నెత్తిన పెట్టారు. కలిదిండి అవతల చేపల చెరువులో శిక్షణ హెలికాప్టర్ కూలింది. నేర్పే ఆయనా, నేర్చుకుంటున్న అమ్మాయీ ఇద్దరూ పోయారు. ఇలాంటివి చూసీ చూసీ అప్పటికే విసిగిపోయి ఉన్నాను.

వెళ్ళేసరికి గట్టు మీద టార్పాలిన్ పరిచి, ముక్కలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఎక్కడా బురద మరక లేదు. కూలినప్పుడు ఏది ఎలా ఉందో అలాగే ఉంటేనే మాకు ఆధారం.

"ఎవరు కడిగారు?" అన్నాను.

"నేనేనండి," అన్నాడు చెరువు కాపలా పెద్దాయన. "అలా బురదలో వదిలెయ్యడానికి మనసొప్పలేదండి. మీరొచ్చి చూసుకోవాలి గదా అని మోటారు పెట్టి శుభ్రంగా కడిగానండి."

ఆ రోజు పాఠం, ఇంజన్ ఆగిపోయినట్టు పవర్ తగ్గించి కిందికి దిగడం. నేల దగ్గరపడగానే మళ్ళీ పవర్ పెంచాలి. అది పెంచే పిడి పెంచేవైపు తిప్పి ఉంటే తప్పు యంత్రానిది, తగ్గించేవైపే ఉండిపోతే మనిషిది. దాన్ని చూపించి అడిగాను.

"అందులో బురద బాగా దూరిందండి. అటూ ఇటూ తిప్పి తిప్పి కడిగానండి."

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. "బుద్ధుందా నీకు?" అని తండ్రి వయసు మనిషి మీద అరిచాను. చేసిన తప్పేమిటో ఆయనకి అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇంజన్ విప్పించినా ఏమీ తేలలేదు. నెలల తరబడి తిరిగి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి, కారణం నిర్ధారించలేకపోయామని రాశాను.

ఆ మాట చెప్పడానికి తాడేపల్లిగూడెంలో ఆ అమ్మాయి తల్లి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ లెక్కల టీచరు. మంచినీళ్ళిచ్చి కూర్చున్నారు.

"మా అమ్మాయి తప్పు కాదని రాస్తారనుకున్నానండి."

"తప్పని కూడా రాయలేదమ్మా."

ఆవిడ నా చేతిలో గ్లాసు తీసుకుని పక్కన పెట్టారు.

"నేర్పిన ఆయన భార్య మొన్న ఫోన్ చేసిందండి. మా ఆయన వల్లే మీ పిల్ల పోయిందేమోనని ఒకటే ఏడుపు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. వినలేక, కాదమ్మా, పొరపాటు మా అమ్మాయిదేనట అనేశానండి. మీ రిపోర్టు వస్తే నిజం ఎలాగూ తేలుతుంది గదా అనుకున్నాను. ఇక తేలదాండి?"

"తేలదమ్మా," అన్నాను.

"మరి ఆ మాట నేనెలా వెనక్కి తీసుకోనండి?" అన్నారు.