గాలి ఆగిన మధ్యాహ్నం

మొన్న సాయంత్రం కాకినాడ నుంచి మా మనవరాలు ఫోన్ చేసి, విండ్ అనే మాటకి ఇంకా ఏమేం మాటలున్నాయో చెప్పమని, రేపు బళ్లో చూపించాలని ప్రాణం తీసింది. ఉద్యోగమంతా ఇంగ్లీషు టీచరుగా గొంతు అరగదీసుకున్నదాన్ని, ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుని బ్రీజ్, గస్ట్, గేల్ అంటూ గబగబా చెప్పుకుపోతున్నాను. అంతలో కిటికీ అవతల అప్పటిదాకా ఊగుతున్న కొబ్బరాకులు ఒక్కసారిగా ఊగడం మానేశాయి. అవతల పిల్ల "అమ్మమ్మా, ఉన్నావా" అని అరుస్తూనే ఉంది.

తొంభైల్లో కాట్రేనికోన దగ్గర ఒక బళ్లో కొత్తగా చేరినప్పుడు నేను ఇదే పాఠం చెప్పాను. బ్రీజ్ అంటే పిల్లగాలి, గేల్ అంటే పెనుగాలి అని బల్ల మీద చేత్తో కొట్టి మరీ చెబుతుంటే, సముద్రం పక్కన పుట్టిన పిల్లలు ఊరుకుంటారా, పైరగాలి, వడగాలి, ఈదురుగాలి, సుడిగాలి అని ఒకళ్లమీద ఒకళ్లు పడి చెప్పేవారు. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, మా పిన్నికి గాలి సోకిందండి, దానికి ఇంగ్లీషులో ఏమంటారండి అని అడిగితే నాకు నవ్వాగలేదు. నిఘంటువు చూస్తే విండ్ అంటే ఊపిరి అనే అర్థం కూడా ఉంది. కడుపులో చేరే వాయువు అనే అర్థమూ ఉంది కానీ అది పిల్లలకి చెబితే ఆ పూటకి పాఠం అక్కడితో సరి. గాలంటే నాకు అప్పట్లో అంత సరదా. వేసవిలో పొద్దుగూకాక సముద్రం మీంచి పైరగాలి తిరిగితే నవారు మంచాలు వాకిట్లో వేసుకున్న రోజులు మీలో నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటాయి.

ఆ బళ్లో ఉండగానే మా ఊరి మీదకి పెద్ద తుపాను వచ్చింది. ఆ రోజున రేడియోలో చెప్పడంతో బడికి సెలవిచ్చారు. ఇంట్లో మావారు, అత్తగారు, రెండేళ్లయినా నిండని మా అమ్మాయి, నేను. మాది పెంకుటిల్లు. వీధి గుమ్మం ఉత్తరానికి, పెరటి గుమ్మం దక్షిణానికి. పెరటి వెనక పశువుల పాక, అది దాటితే మా కొబ్బరితోట. పొద్దున్నుంచీ గాలి ఉత్తరం నుంచి కొట్టింది. వీధి తలుపుకి గడియ వేసి, బియ్యం బస్తా అడ్డం పెట్టి, దాని మీద మావారు కూర్చున్నారు. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే పైనుంచి వాన ఇంట్లోకే పడేది. తోటలో చెట్లు విరిగే చప్పుడికి చంటిది ఏడవడం కూడా మానేసి నా మెడ పట్టుకుని బిగుసుకుపోయింది. నేను బళ్లో చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా ఆ చప్పుడికి సరిపోలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక గాలి చటుక్కున ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగడం. మబ్బులు విడి కాస్త వెలుతురు కూడా వచ్చింది. మా వైపు ఒక అలవాటుంది. గాలి తెరిపివ్వగానే ఎవరి తోటలోకి వాళ్లు పరుగెత్తి రాలిన కాయలు పోగేసుకోవాలి, లేకపోతే నీళ్లెక్కి అవి పక్కవాళ్ల తోటలోకి కొట్టుకుపోతాయి, ఆ తరవాత మావని తగువుకి వెళ్లడం మర్యాద కాదు. అందుకే అత్తగారు, "గాలి తగ్గిపోయిందిరా, నీళ్లెక్కేలోగా వెళ్లి కాయలు పోగెట్టి రా" అన్నారు. మావారు పెరటి తలుపు తీసి, "గడియ వెయ్యకు, ఇట్టే వచ్చేస్తాను" అని నాతో చెప్పి వెళ్లారు. తుపాను నడిమి భాగం ఊరి మీద నిలబడిందనీ, సగమే అయిందనీ మాకు ఎవరికి తెలుసు?

కాసేపటికి దక్షిణం నుంచి ఒక హోరు బయల్దేరింది. రెండోసారి వచ్చిన గాలి సరాసరి పెరటి తలుపునే కొట్టింది. తలుపు రెక్కలు విరుచుకుని గోడకి తగిలాయి, లోపల దూరిన గాలికి నెత్తిమీద దూలాలు కిర్రుమన్నాయి. ఇద్దరం భుజాలానించి రెక్కలు మూశాం కానీ నిలవడం లేదు. గడియ వేస్తే ఆయన బయట. వెయ్యకపోతే కప్పు లేచి గోడలు చంటిదాని మీద పడతాయి. నా చెయ్యి గడియ మీదకి వెళ్లి వెనక్కి వచ్చేస్తోంది. అప్పుడు అత్తగారు "ప్రభువా" అని, నా వైపు తిరిగి, "నువ్వు చంటిదాన్ని పట్టుకోమ్మా. గడియ నేను వేస్తాను" అన్నారు. వేశారు. వేసి ఆ తలుపుకే వీపు ఆనించి కూలబడ్డారు. తెల్లవారేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. నా ఒళ్లో పిల్ల ఉందన్న స్పృహ ఒక్కటే నన్ను నిలబెట్టింది.

గాలి పూర్తిగా పోయాక తలుపు తీస్తే తోట లేదు. కూలిన పాక తాటాకుల కింద నుంచి మా ఆవు అరిచింది. ఆకులు లాగితే దాని పక్కన మావారు, ఒళ్లంతా గీరుకుపోయి, ప్రాణంతో ఉన్నారు. నేను అక్కడే బురదలో కూర్చుని భోరున ఏడ్చాను.

ఆ తరవాత అత్తగారు బతికున్నన్నాళ్లూ, ఆకాశం మబ్బేసినప్పుడల్లా, "ఆ రోజు తలుపు కొట్టేవేంట్రా?" అని కొడుకుని అడిగేవారు. "లేదమ్మా, నేను తోటలోంచి తిన్నగా పాకలోకే దూరేను" అని ఆయన ప్రతిసారీ అదే జవాబు, విసుక్కోకుండా చెప్పేవారు. ఆవిడ కాస్త నెమ్మదించేవారు. ఆవిణ్ణి భూస్థాపన చేసి వచ్చిన సాయంత్రం పెరట్లో కాళ్లు కడుక్కుంటూ, నేను అడక్కుండానే ఆయన అన్నారు: "కొట్టేను. నా చెయ్యి తలుపు మీద ఉండగానే లోపల గడియ పడింది."

ఇప్పుడు మా వైపు తుపానంటే ముందుగానే ఫోన్లు మోగుతాయి, మనుషుల్ని బస్సుల్లో తీసుకెళ్లి గట్టి కట్టడాల్లో ఉంచుతారు. గాలి మధ్యలో ఆగితే బయటికి రావద్దని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాయలు పోగేసుకోవడానికి పరుగెత్తే తోటలు చాలామటుకు రొయ్యల చెరువులైపోయాయి. మాదీ శ్లాబు ఇల్లే. భయపడాల్సిందేమీ లేదు. అయినా ఆ తరవాత వాకిట్లో మంచం వేసుకుని పైరగాలికి పడుకున్న రోజు నాకు ఒక్కటీ లేదు, చల్లగా తగులుతుంటే ఇది ఎప్పుడు ఆగుతుందో అనే ఉంటుంది.

మనవరాలికి బ్రీజ్ దగ్గరే సరిపెట్టుకోమని చెప్పి ఫోన్ పెట్టేశాను. కొబ్బరాకులు ఇంకా కదలడం లేదు. కుర్చీలో పేపరు చదువుకుంటున్న మావారు లేచి, పెరటి తలుపు గడియ తీసి వచ్చి కూర్చున్నారు.