నాన్న పేరు తెలియని కాలేజీ

గోదావరిఖనిలో బస్సెక్కాక నా పక్క సీటులోని అమ్మాయి ఫోన్లో ఇంజినీరింగ్ కాలేజీలు చూస్తోంది. అన్నీ దూరపు ఊళ్ళవే.

"గంత దూరమెందుకు చెల్లె?" అన్నాను.

"నాన్న పేరు తెల్వని కాలేజీ కావాలె అక్క. ఇక్కడైతే నా ర్యాంకు గూడ అడుగరు."

నాన్నెవరో మెల్లగా చెప్పింది. మా దగ్గర ప్రతి చౌరస్తాలో ఫ్లెక్సీ ఉన్న నాయకుడు.

ఒళ్ళో పాపను సర్దుకున్నాను. నా నోరు ఆగలేదు. "మా ఆయనది బొగ్గుబాయి లోపల డ్యూటీ. పైకి మార్పియ్యమని నాన్నకు చెప్తవా?"

ఆమె కాలేజీల జాబితా మూసేసింది. "పేరు చెప్పు అక్క. ఏ బాయి?" అంటూ అలవాటైన వేళ్ళతో రాసుకుంది.

మా ఆయనకు పైన డ్యూటీ వచ్చింది. ఊళ్ళో కాలేజీ గేటుకు, చివరికి అక్కడే చేరిన ఆ అమ్మాయిని స్వాగతిస్తూ ఫ్లెక్సీ కట్టారు. తండ్రి ఫోటోనే పెద్దది. మా ఆయన రోజూ దాని ముందునుంచే డ్యూటీకి వెళ్తాడు.